ఏనుగును చూడటం అంటే యుద్ధం చూడటమే

1861-65 అమెరికా అంతర్యుద్ధంలో మామూలు సిపాయిలు ఎలాంటి మాటలు వాడేవారని అడిగారు. చాలా మాటలు తిండి, పేల చుట్టూ పుట్టినవే. రేషన్‌లో ఇచ్చే హార్డ్‌టాక్ బిస్కెట్ పిండి, నీళ్లతో చేసేవారు, రాయిలా ఉండేది. తరచూ పురుగు పట్టేది కాబట్టి దాన్ని 'పురుగుల కోట' అన్నారు. వేడి కాఫీలో ముంచితే పురుగులు పైకి తేలేవి, వాటిని తీసేసి తినేవారు. ఆ ఆకలిని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఒంటిమీది పేలు 'గ్రేబ్యాక్స్'. బూడిదరంగు యూనిఫాం వేసుకున్న దక్షిణాది సైనికులనూ ఉత్తరాది వాళ్లు అలాగే పిలిచేవారు. మొదటిసారి పోరులో దిగడం 'ఏనుగును చూడటం'. ఇది యుద్ధం కంటే పాత మాటే, 1849లో కాలిఫోర్నియాకు బంగారం కోసం వెళ్లినవాళ్లూ వాడారు. భయపడి పరుగెత్తితే మాత్రం 'స్కెడాడిల్'.