కీమో అయ్యాక ముఖానికి సూదులు వేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏండ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, ఎడమ చంకల గడ్డలు గూడ తీసిన్రు. ఆఖరి కీమో అయి నెల దాటింది. ఇంకో రెండు నెలలకు బిడ్డ లగ్గం. మొఖం గుంజుకపోయింది, బుగ్గలు లోపలికి వోయినయి. బొటాక్స్, ఫిల్లర్ వేయించుకుంటే నిండుగ ఐతదంటున్నరు. బీమారి మళ్ల తిరగబెడుతదా?
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: ముందు మీ భయం సంగతి. బొటాక్స్ వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందనడానికి ఆధారం లేదమ్మా. అది నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని మూడు నాలుగు నెలలు ఆపుతుంది, అంతే. ముడతలు తగ్గుతాయి గానీ బుగ్గలు నిండవు. బుగ్గలు నింపేది ఫిల్లర్. మీ విషయంలో మేం వద్దనేది దాన్నే.

కీమో తర్వాత ముఖం కొన్ని నెలలపాటు తనంతట తనే మారుతూ ఉంటుంది. స్టెరాయిడ్ వాపు దిగుతుంది, తిండి సయించి కండ పడుతుంది. ఇవాళ్టి గుంటను చూసి నింపితే, ఆర్నెల్లకు అక్కడే ఎత్తుగా కనబడొచ్చు. పైగా ఫిల్లర్ చర్మం కింద నెలల తరబడి ఉండిపోయే పదార్థం. తెల్లకణాలు తక్కువున్నప్పుడు సూది వెంట ఒక్క క్రిమి లోపలికి పోయినా దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, గడ్డ కడుతుంది. కీమో డాక్టరు సరేననే దాకా ఆగండి.

బొటాక్స్ మాత్రం వేయించుకోవాలనుకుంటే ముందు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష చేయించండి. రిపోర్టులో మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) శాతంతో గుణించండి. కణాలు 3,200, న్యూట్రోఫిల్స్ 40 శాతం ఉంటే 1,280 వస్తుంది. 1,500 దాటనిదే సూది వద్దు. ప్లేట్‌లెట్లు లక్షకు పైన ఉంటే మేలు, లేకుంటే సూది గుచ్చిన ప్రతిచోటా నల్లగా కమిలిపోతుంది. ఆ రిపోర్టు క్యాన్సర్ డాక్టరుకు చూపించి, ఆయన ఒప్పుకున్నాకే స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. పార్లర్‌కు వద్దు.

సీసా మీ కళ్లముందే తెరవాలి. అసలు మందు పొడిగా వస్తుంది, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. 100 యూనిట్ల సీసాలో రెండున్నర ఎం.ఎల్. సెలైన్ కలిపితే 0.1 ఎం.ఎల్.కు 4 యూనిట్లు. కనుబొమల మధ్య ముడతకు 5 చోట్ల నాలుగేసి, మొత్తం 20. ఈ లెక్క బొటాక్స్‌కే, వేరే కంపెనీ మందుల యూనిట్లు వేరు. ముందే నింపిపెట్టిన సిరంజి డ్రాయర్ లోంచి తీస్తే లేచి వచ్చేయండి. అందులో ఏముందో, ఎప్పుడు కలిపారో మీకు తెలియదు.

గుణం పూర్తిగా కనబడటానికి రెండు వారాలు పడుతుంది. పొరపాటున రెప్ప వాలితే సర్దుకోవడానికి వారాలే పట్టొచ్చు. కాబట్టి లగ్గానికి నెల ముందే కానివ్వండి, ఆఖరి వారంలో అసలు వద్దు. తర్వాత మింగడం కష్టమైనా, వస్తువులు రెండుగా కనబడినా, ఊపిరి బరువైనా రాత్రనక వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) ఎక్కించుకున్నవారికి ఇంకో మాట. ఆ మందుల వల్ల కొందరికి మయస్థీనియా అనే కండరాల నీరసం వస్తుంది. దాని మీద బొటాక్స్ పడితే ప్రమాదం.

ప్రశ్న: మా బాపుకు నోటి క్యాన్సర్, దవడకు రేడియేషన్ ఇచ్చిన్రు. బుగ్గ గుంటకు ఫిల్లర్ వేయొచ్చునా?
– కరీంనగర్

జవాబు: కరెంటు (రేడియేషన్) పెట్టిన చోట వద్దు. అక్కడి చర్మం బిగుసుకుపోయి ఉంటుంది, సన్న రక్తనాళాలు మూసుకుపోయి ఉంటాయి. ఉన్న ఒక్క నాళానికీ ఫిల్లర్ అడ్డం పడితే చర్మం చచ్చి పుండవుతుంది, అది ఓ పట్టాన మానదు. గుంట మరీ ఇబ్బందిగా ఉంటే ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి.

ప్రశ్న: మా అక్కకు కీమో నడుస్తుంది. రంగు నల్లబడిందని పార్లర్‌ల గ్లూటాథయోన్ ఎక్కిస్తమంటున్నరు.
– మంచిర్యాల

జవాబు: ఎక్కించనీయకండి. సిస్‌ప్లాటిన్ వంటి మందుల దెబ్బ నుంచి క్యాన్సర్ కణాలు తప్పించుకోవడానికి వాడుకునే కవచాల్లో గ్లూటాథయోన్ ఒకటి. రంగు కోసం దాన్ని బయటి నుంచి పోయడం ఎందుకు? కీమో నలుపు చాలామందికి మందులు ఆగాక నెమ్మదిగా విడుస్తుంది. అక్క ఛాతీలో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉంటే ఆసుపత్రిలో తప్ప ఎవరినీ దాన్ని ముట్టనీయకండి. చంక గడ్డలు తీసి ఉంటే ఆ వైపు చేతికి సూది గుచ్చనీయకండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే ఏ తేదీన, ఎంత అన్నది రాసుకుని కీమో డాక్టరుకు చెప్పండి. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.