చుట్టుపక్కల కనిపించే పిట్టల బొమ్మలతోనే పేరు తెచ్చుకున్న కళాకారులు ఉన్నారా?

ఉన్నారు. నాకు ముందు గుర్తొచ్చేది థామస్ బ్యూయిక్. 1753లో ఉత్తర ఇంగ్లండులో, టైన్ నది దగ్గరి పల్లెలో పుట్టాడు. న్యూకాజిల్‌లో చెక్కడం పని నేర్చుకున్నాడు.

బ్రిటన్ పక్షుల మీద పుస్తకం వేద్దామని 1791లో ఒక పెద్దింటి సేకరణలోని, చచ్చాక లోపల కూరి నిలబెట్టిన పిట్టలను చూసి గీయబోయాడు. కట్టెల్లా బిగుసుకుపోయిన వాటి భంగిమలు నచ్చలేదు. ఆ తర్వాత వీలైనంతవరకు బతికున్నవాటినో, స్నేహితులు పంపిన అప్పుడే చచ్చినవాటినో చూసే గీశాడు. పుస్తకం రెండు సంపుటాలుగా 1797, 1804లలో వచ్చింది.

అతని కిటుకు చెక్కలో ఉంది. గట్టి బాక్స్‌వుడ్‌ను అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నటి ఉలితో గీసేవాడు. ఆ చెక్కకు సిరా పూసి కాగితం మీద అచ్చు వేస్తే, గీసినచోట సిరా అంటదు, తెల్లగీతే పడుతుంది. అందుకే ఈక మీద ఈక విడివిడిగా తెలుస్తుంది.

నాకైతే పిట్టలకన్నా పేజీల చివర ఖాళీల్లో వేసిన చిట్టిబొమ్మలే ఇష్టం. ఒకదాంట్లో వంతెన సుంకం మిగుల్చుకుందామని ఒకడు ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతుంటాడు (మనవాళ్లు వైతరణి దాటేదీ అలాగే కదా!). పాపం, టోపీ కాస్తా ఏట్లో కొట్టుకుపోతుంటుంది.