మూడు లక్షల్లో 2013 మైక్రా కొనాలా, 2019 డాట్సన్ గో కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఇల్లు కూకట్‌పల్లిలో, ఉద్యోగం గచ్చిబౌలిలో, నెలకోసారి నల్గొండలో అమ్మానాన్నల దగ్గరకు ప్రయాణం. చేతిలో మూడు లక్షలున్నాయి. 2013 నాటి నిస్సాన్ మైక్రా ఒకటి, 2019 చివర్లో కొన్న డాట్సన్ గో ఒకటి, రెండూ పెట్రోలువే, దాదాపు ఒకే ధరకు చూశారు. మీ నాన్నగారు "పేరున్న బండే తీసుకో, చవక బండి మనకెందుకు" అంటున్నారు.

నేను డాట్సన్ గోను ఏడేళ్లకు పైగా నడిపాను. వనస్థలిపురంలో ఉండే మా బావగారి దగ్గర మైక్రా ఉంది. పెళ్లిళ్లకీ ఊరి ప్రయాణాలకీ దాన్ని చాలాసార్లు అడిగి తీసుకెళ్లాను. రెండింటి మధ్య తేడా ఆ మేరకు నాకు తెలుసు.

ముందు పేరు సంగతి చూద్దాం. ఈ రెండూ నిస్సాన్ బండ్లే, డాట్సన్ ఆ కంపెనీ పెట్టిన చవక బ్రాండు. తయారైంది కూడా చెన్నై దగ్గర ఒరగడంలోని ఒకే కర్మాగారంలో. 1198 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ రెండింటిలోనూ ఒకటే. మైక్రాలో 76 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఇచ్చేలా, గోలో 68 పీఎస్ ఇచ్చేలా అమర్చారు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం రెండింటికీ 2450 మిల్లీమీటర్లే. మలక్‌పేటలో మా మెకానిక్ రెండు బండ్ల బానెట్లూ పక్కపక్కనే ఎత్తి చూపించి, "కొన్ని సామాన్లకు డాట్సన్ పేరు చెప్పి అడక్కండి, మైక్రా పెట్రోలుకు కావాలని అడగండి, తొందరగా ఇస్తారు" అన్నాడు. ఆ తర్వాత సామాన్ల కోసం రాణిగంజ్ వెళ్లినప్పుడు నేను అడిగిన పద్ధతి అదే, పని జరిగింది కూడా.

కొత్తగా కొన్నప్పుడు మైక్రా కంటే గో లక్షన్నర తక్కువ. ఇంజన్ ఒకటే అయితే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కొన్న రోజు నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. షోరూములో కనిపించినవి చూసి లెక్క సరిపోయిందనుకున్నాను. మ్యూజిక్ సిస్టమ్ లేదు, ఫోను తగిలించుకోవడానికి ఒక స్టాండు ఇచ్చారు. ముందు అద్దానికి ఒకే వైపర్. హ్యాండ్ బ్రేకు సీట్ల మధ్య కాకుండా డ్యాష్‌బోర్డు కింద, లాగే పిడిలా ఉంటుంది. ఎక్కిన ప్రతి చుట్టమూ దాని గురించి అడిగేవాడు. చక్రాలు 13 అంగుళాలవి. ఇవన్నీ లేకపోయినా బతకవచ్చు. మా ఆవిడ అయితే "పాటలు ఫోన్లో వింటాంలే" అని అక్కడికక్కడే తేల్చేసింది.

2014 దసరాకు బండి ఇంటికొచ్చింది. ఆయుధ పూజ చేసి నెల తిరిగిందో లేదో, నవంబర్‌లో కార్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్ల పరీక్ష ఫలితాలు పేపర్లో వచ్చాయి. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే పెద్దల భద్రతకు సున్నా నక్షత్రాలు. ఎయిర్‌బ్యాగ్ లేదని నాకు ముందే తెలుసు. నన్ను భయపెట్టింది వాళ్లు చెప్పిన రెండో మాట. బండి చట్రమే నిలబడలేదు కాబట్టి ఎయిర్‌బ్యాగ్ పెట్టినా పెద్దగా లాభం ఉండదన్నారు. ఆ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ బండిని అమ్మకం నుంచి ఉపసంహరించమని నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోన్‌కు లేఖ కూడా రాశారు. అప్పటికి మా ఆవిడకు ఏడో నెల. ఆ పేపరు మడిచి బీరువా మీద పెట్టాను, ఆమెకు చూపించలేదు. తర్వాత ఆరు నెలలు ఔటర్ రింగు రోడ్డు ఎక్కలేదు. ఎందుకు ఎక్కడం లేదని ఆమె అడిగితే టోలు దండగ అని చెప్పాను.

లక్షన్నర మిగిలిన దారుల్లో ఒకటి అప్పుడు తెలిసింది. రెండో వైపర్ లేదన్న సంగతి కంటికి కనిపిస్తుంది. రేకు లోపల ఏం తగ్గించారో షోరూములో ఎవరూ చూపించరు. మైక్రా కంటే గో వందకు పైగా కిలోలు తేలిక. ఆ తేలికదనం మైలేజీలో కలిసొచ్చింది, నిజమే. కంపెనీ లెక్క లీటరుకు 20.63 కిలోమీటర్లు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాచారం వరకు ట్రాఫిక్‌లో నాకు పదిహేనో పదహారో వచ్చేవి. కానీ హైవే మీద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు అదే తేలికదనం ఇంకో రకంగా తెలుస్తుంది. విజయవాడ రోడ్డు మీద బావగారి మైక్రాలో తొంభైలో వెళ్తూ మాట్లాడుకోవచ్చు. గోలో అదే వేగానికి గొంతు పెంచాల్సి వచ్చేది, వాన పడితే ఇక సైగలే. ఇంజన్ ఒకటే అయినా దాని చుట్టూ కప్పినవి వేరు.

మీరు చూసింది 2014 బండి కాదు, ఇది మీకు కలిసొచ్చే అంశం. 2018 అక్టోబర్‌లో గోను మార్చి, రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోనివ్వనివి) అన్ని రకాల్లోనూ తప్పనిసరిగా ఇచ్చారు. టైర్లు కూడా 14 అంగుళాలవి వచ్చాయి. కాబట్టి నా బండి, మీరు చూస్తున్న బండి పేరుకే ఒకటి. అయినా రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కదా అని దాన్ని గట్టి బండి అనుకోకండి. మరోవైపు 2013 మైక్రాలో కింది రకానికి ఏమున్నాయో, పై రకానికి ఏమున్నాయో వేరు వేరు. "మైక్రాలో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి" అన్న మాట నమ్మకుండా, మీరు కొనబోయే బండిలోనే స్టీరింగ్ మీదా, ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీదా "ఎయిర్‌బ్యాగ్" అన్న ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

నాన్నగారి మాటలో ఒక న్యాయం ఉంది. చవక బ్రాండుకు ఆయుష్షు తక్కువ. డాట్సన్ పాత పేరే, 1981లో నిస్సాన్ దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించి మెల్లగా తీసేసింది. 2012లో మళ్లీ తెస్తామంది, 2014లో మన దగ్గర గో అమ్మకానికి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో మళ్లీ మూసేసింది. ఒకే పేరును రెండుసార్లు పాతిపెట్టిన కంపెనీ ఇంకొకటి ఉంటే నాకు చెప్పండి. అన్ని చవక బ్రాండ్లూ ఇంతే అనడానికి లేదు. రెనో 1999లో రొమేనియా కంపెనీ డాసియాను కొంది, 2004లో లోగన్ తెచ్చింది, ఐరోపాలో ఆ పేరు ఇప్పటికీ బాగా నడుస్తోంది. అక్కడ డాసియా డస్టర్‌గా అమ్మిన బండినే 2012లో ఇక్కడికి రెనో డస్టర్‌గా తెచ్చారు. చవక పేరుతో మన దగ్గర అంత గౌరవం రాదని వాళ్లు ముందే పసిగట్టి ఉంటారు.

అయితే నాన్నగారు ఒకటి మరిచిపోతున్నారు. పేరున్న మైక్రా అమ్మకం కూడా 2020లోనే ఇక్కడ ఆగిపోయింది. పైగా ఆ బండికి 2028లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఆర్టీఏలో తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. గోకు ఆ గొడవ 2034 వరకు లేదు.

నన్ను అడిగితే, ఇద్దరికి రెండు సలహాలు ఇస్తాను. కొత్త బండి కొనేవాళ్లయితే అప్పు చేసైనా అసలు బ్రాండు తీసుకోమంటాను. బ్రాండు పోతే విలువ ఎలా పడిపోతుందో నేను అనుభవించాను. 2022 జూలైలో నా గోను అమ్మబోతే, సెకండ్‌హ్యాండ్ బండ్ల దుకాణంలో ఆయన చుట్టూ తిరిగి చూడను కూడా చూడలేదు. "కంపెనీ మూసేశారు కదండీ" అని, నాలుగు నెలల ముందు తానే చెప్పిన ధరకు యాభై వేలు తగ్గించాడు. సర్వీసూ సామాన్లూ కొనసాగుతాయని కంపెనీ చెప్పిందని వాదించాను. టీ తెప్పించాడు, ధర మాత్రం పెంచలేదు. మీలాగా సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకు మాత్రం ఆ నష్టం మొదటి యజమాని ఎప్పుడో కట్టేశాడు. రోజూ కూకట్‌పల్లి ఫ్లైఓవరు, హైటెక్ సిటీ ట్రాఫిక్, నెలకోసారి నల్గొండ అంటే నేను గోనే తీసుకుంటాను, నార్కట్‌పల్లి దాకా హైవే మీద ఎనభై దాటకుండా. నల్గొండ ప్రయాణం నెలకోసారి కాక వారం వారం అయితే గో వద్దు, మైక్రా కూడా వద్దు. ఇంకో లక్ష కూడబెట్టుకుని కాస్త గట్టి బండి చూడండి.

గోను మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి చూపించండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు వచ్చే ముందే ఇంజన్ వేడి చేసి ఉంచే అలవాటు కొందరికి ఉంది. టైరు మీద నాలుగంకెలు చూస్తే ఏ వారం, ఏ సంవత్సరంలో తయారైందో తెలుస్తుంది. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఇంకా ఉందేమో చూసుకోండి.

మూడు లక్షలు మాత్రం ఇవ్వకండి. అమ్మే ఆయన ఇంజన్ నిస్సాన్‌దేనని, మైక్రాలో ఉన్నదేనని తప్పకుండా చెబుతాడు. అంతా విని, నిదానంగా "కంపెనీ మూసేశారు కదండీ" అనండి. నా దగ్గర ఆ మాటకు యాభై వేలు పోయాయి, మీ దగ్గర ఎంత తగ్గించారో ఇక్కడ రాయండి.