చికిత్స ఆయనకు, రక్షణ ఆమెకు: వేరువేరుగా
నమస్కారమండీ. మీ చెల్లెలి భర్త తాగి వచ్చి ఆమెను కొడుతున్నారనీ, పెద్దలు మాత్రం ఇద్దరినీ కలిపి కౌన్సెలింగుకు పంపమంటున్నారనీ రాశారు. దయచేసి ఇప్పుడే అలా పంపకండి; హింస ఆగకముందే ఆయన ఎదుట ఆమె నోరు విప్పితే, ఇంటికి వెళ్లాక ఆ మాటలకే మళ్లీ దెబ్బలు తినవలసి రావచ్చు. ముందుగా ఆమె మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేసి, హింసకు గురైన మహిళలకు సాయపడే ప్రభుత్వ సఖి కేంద్రంలో మాట్లాడాలి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుతో పాటు, ఆ ఇంట్లోనే ఉండే హక్కును కూడా మేజిస్ట్రేటు ద్వారా పొందవచ్చు.

ఆయనకు చికిత్స కోసం మత్తు అలవాట్లు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446ను సంప్రదించండి. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు కనుక వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. తాగుడు మానగానే కొట్టడమూ ఆగుతుందని నమ్మకండి.

ఆమె ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు మీ ఇంట్లో భద్రపరచండి; ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయమని ఆమెకు చెప్పండి.