ఒకే ఇంటి వంట తిన్నా ఒకరికి బీపీ ఎక్కుతుంది, ఇంకొకరికి ఏమీ కాదు. ఎందుకు?

మీ నాన్నగారూ పెదనాన్నగారూ పుట్టినప్పటి నుంచీ ఒకే వంటింట్లో తింటున్నారు, నాన్నగారికే బీపీ వచ్చింది, ఇంతకీ ఉప్పు మంచిదా చెడ్డదా అని అడిగారు. ఎవరికి అన్నది తేలకుండా ఆ ప్రశ్నకి జవాబు ఉండదండి. మా అమ్మ రాత్రి పప్పుచారులో ఉప్పు చేప నంజుకుందంటే తెల్లారేసరికి పాదాలకి నీరు పడుతుంది, చెప్పుల పట్టీ అచ్చు దిగిపోతుంది. బీపీ మిషన్ పెడితే అదీ ఎక్కే ఉంటుంది. మా నాన్న ఆవకాయ కలిపిన అన్నంలోనే కాదు, మజ్జిగలోనూ ఉప్పు వేసుకునే మనిషి. డెబ్భై దాటినా ఆయనది 120 చుట్టూనే తిరుగుతుంది. ఆ ధీమాతో అమ్మకి రోజూ క్లాసు పీకుతాడు.

తేడా చాలావరకు కిడ్నీల్లో ఉంది. తిన్న ఉప్పుని కొందరి కిడ్నీలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి. కొందరివి పట్టుకుని కూర్చుంటాయి, దానితోపాటు నీరూ ఒంట్లో ఆగిపోతుంది, బీపీ ఎక్కుతుంది. వయసు పైబడినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, ముందే బీపీ ఉన్నవాళ్ళలో ఈ రెండో రకం ఎక్కువ. కొంత పుట్టుకతో వచ్చేది కూడా. మీ నాన్నగారికీ పెదనాన్నగారికీ తేడా అక్కడే ఉండి ఉంటుంది.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. ఉప్పు తగ్గించమని ఒకరికి చెప్పిన మాటని జనం ఎలా పట్టుకుంటారో చూడాలంటే రాజోలు వైపు మా మావయ్య ఇంటికి వెళ్ళాలి. డాక్టరు ఆయనకి బీపీ మాత్ర రాసి, “పచ్చళ్ళు తగ్గించండి” అన్నాడు. అంతే. అత్తయ్య ఫోన్లో వీడియోలు చూసి ఉప్పు డబ్బానే అటక ఎక్కించేసింది. చప్పిడి పప్పు, చప్పిడి కూర, పైగా రోజుకి ఐదు లీటర్ల నీళ్ళు. “నోరు చచ్చిపోయిందిరా” అనేవాడు పాపం. నడివేసవి. ఆ ఎండలో కొబ్బరి దింపు దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి ఆ చప్పిడి తిండే తినేవాడు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పై గుండీని కింది కాజాలో పెట్టి, తీసి, మళ్ళీ అందులోనే పెడుతున్నాడు. నన్ను చూసి, “నాన్న కాలవ దగ్గర్నుంచి వచ్చాడా?” అన్నాడు. ఆ నాన్న, అంటే మా తాతయ్య, పోయి ఏళ్ళయింది. కాలవలు కట్టేసి చుక్క నీరు లేదు. పక్కింటావిడ పక్షవాతం అంది, అత్తయ్య దిష్టి తీయబోయింది. కారెక్కించి అమలాపురం తీసుకెళ్తే మొదటి ఆసుపత్రిలో వెంటనే తలకి స్కాన్ తీశారు. చాలాసేపటికి గానీ రక్తం తీసుకోలేదు. ఇలా తికమకపడుతూ వచ్చిన పెద్దవాళ్ళకి స్కాన్‌తోపాటే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, అది కూడా చూడొచ్చు కదా! ఖర్చు తక్కువ కాబట్టి గుర్తుకు రాదేమో. చివరికి సోడియం 118. ఉండాల్సింది 135 నుంచి 145.

డాక్టరు మాత్రల అట్ట చూపించమన్నాడు. అందులో బీపీ మందుతోపాటు ఒంట్లో నీరు తీసే మందు, హైడ్రోక్లోరోథయజైడ్, కలిసి ఉంది. అది నీటితోపాటు ఉప్పునీ బయటికి తోస్తుంది. లోపలికేమో నీళ్ళే తప్ప ఉప్పు రావడం లేదు. సోడియాన్ని గబగబా పెంచితే మెదడుకి ప్రమాదమట, మెల్లగా ఎక్కించారు. మాత్ర మార్చారు. తెలివొచ్చాక మావయ్య మొదట అడిగింది మాగాయ టెంక. అత్తయ్య వద్దనలేదు.

అలాగని ఇది చదివి ఉప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది, అంటే సుమారు ఒక టీస్పూను. ఊరగాయ, అప్పడం, ఉప్పు మిరపకాయ ఉన్న మన భోజనంలో అది మధ్యాహ్నానికే అయిపోతుంది. మా వైపు రొయ్యల చెరువుల పుణ్యమా అని బోరు నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటున్నాయి, ఆ గోల ఇంకోసారి చెబుతాను.

ఇక పింక్ సాల్ట్ ఒకటి. మా ఊరి కొట్లో కూడా వచ్చేసింది. అదీ సోడియం క్లోరైడే, ధర ఒక్కటే వేరు, చాలావాటిలో అయోడిన్ కూడా కలపరు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువే. చైనాలో సుమారు 21 వేల మంది మీద చేసిన పరీక్షలో పక్షవాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకీ పొటాషియం పేరుకుని గుండె లయ తప్పొచ్చు. కోనసీమలో కిడ్నీ రోగిని చూడ్డానికి వెళ్తూ కొబ్బరి బొండాల గెల పట్టుకెళ్ళే చుట్టాలకి ఇది ఎవరు చెబుతారు? బొండం నీళ్ళ నిండా పొటాషియమే.

మీ నాన్నగారికి ఉప్పు పడుతుందో లేదో చెప్పే పరీక్ష మామూలు ల్యాబుల్లో ఉండదు. మామూలు తిండి తింటూ ఒక వారం, రోజూ ఒకే వేళకి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక బీపీ చూసి రాయండి. తరవాత ఉప్పు సగానికి తగ్గించి రెండు వారాలు అలాగే రాయండి. అప్పుడు బీపీ దిగితే ఆయనకి ఉప్పు పడనట్టే. మొదలుపెట్టే ముందు మాత్రల అట్ట ఆయన డాక్టరుకి చూపించండి. పెదనాన్నగారికి బీపీ లేదన్నారు గానీ, ఆయనకి ఆఖరిసారి ఎప్పుడు చూశారో రాయలేదు.