స్కూలు తెరిచే ముందు పడుకునే టైం కాదు, లేచే టైం సరిచేయండి

స్కూలు తెరవడానికి ఇంకా రెండు వారాలుందని, ఏడేళ్ల పాప, పదమూడేళ్ల బాబు రాత్రి పదకొండు దాటినా పడుకోవడం లేదని, గోడకు అంటించిన టైంటేబుల్ రెండు రోజులకే మూలపడిందని రాశారు. మాకూ ఇద్దరు పిల్లలు, వయసుల్లో తేడా ఇంచుమించు అంతే. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. ఏటా సెలవుల చివర్లో మేం చేసేది చెబుతాను, మీకు కుదిరినంత తీసుకోండి.

ముందు నిద్ర సంగతి. అందరూ పడుకునే టైం దగ్గర మొదలుపెడతారు. పొద్దున తొమ్మిదిదాకా పడుకున్న పిల్లని రాత్రి తొమ్మిదికే పక్క ఎక్కిస్తే నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? దొర్లుతుంది, నీళ్లంటుంది, బాత్రూం అంటుంది, చివరికి మనకు కోపం వస్తుంది. నిద్ర రప్పించడం మన చేతిలో లేదు. లేపడం మాత్రం ఉంది. అందుకే మేం లేపే టైం నుంచే మొదలుపెడతాం. రెండు మూడు రోజులకోసారి పదిహేను, ఇరవై నిమిషాలు ముందుగా లేపుతాం. లేచీ లేవగానే కర్టెన్లు తీసేస్తాం, వీలైతే కాసేపు ఆరుబయట తిప్పుతాం. శరీరంలోని గడియారాన్ని ముందుకు జరపడంలో పొద్దుటి వెలుతురుదే పెద్ద చెయ్యి. రాత్రిపూట ప్రకాశవంతమైన వెలుతురు అందుకు సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్‌ని ఆలస్యం చేస్తుంది. పొద్దున త్వరగా లేచిన పిల్లలకి కొద్ది రోజుల్లోనే రాత్రి కళ్లు వాటంతట అవే మూతలు పడతాయి.

ఎంత నిద్ర కావాలన్నదానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన లెక్క ఉంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు. మీ ఇంట్లో ఆరున్నరకు లేవాలి అనుకుందాం. పాపకు పది గంటలు కావాలంటే ఎనిమిదిన్నరకల్లా నిద్రపోయి ఉండాలి. బాబుకు తొమ్మిది గంటలు చాలనుకుంటే తొమ్మిదిన్నర. ఇద్దరినీ ఒకే టైంకి పడుకోబెట్టాలని చూడకండి. బాబు వయసులో శరీర గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, అందుకే రాత్రి వాడికి నిద్ర త్వరగా రాదు. దాన్ని బద్ధకం అని తిట్టి లాభం లేదు. సెలవు రోజు కూడా మామూలు టైం మీద గంటకు మించి పడుకోనివ్వకండి, లేకపోతే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది.

ఇక టైంటేబుల్ ఎందుకు నిలబడలేదంటే, నా ఉద్దేశంలో దానిలో గంటలు రాసి ఉంటాయి. "ఆరింటికి హోంవర్క్" అని రాస్తాం. ఆ రోజు ఐదున్నరకు చుట్టాలొస్తారు, లేదా మనకే ఆఫీసులో లేటవుతుంది, ఆరు దాటిపోతుంది. దాటింది కదా అని హోంవర్కూ పోతుంది. మా ఇంట్లో గడియారానికి కాకుండా పనికి పనిని ముడిపెట్టాం. ఇంట్లోకి రాగానే చెప్పులు, వెంటనే బ్యాగ్ తెరిచి డైరీ, ఖాళీ డబ్బా బయటపెట్టడం. స్నాక్ అయ్యాక హోంవర్క్. హోంవర్క్ అయిన పుస్తకం నేరుగా రేపటి బ్యాగులోకి. పళ్లు తోముకున్నాక కథ. ఒక పని అవ్వడమే తరవాతి పనికి గంట కొట్టినట్టు. అరగంట అటూ ఇటూ అయినా వరస చెడదు. ఏడేళ్ల పాపకైతే ఈ వరసని బొమ్మలుగా గీసి తలుపు వెనక అంటించండి, గీయడం ఆమెకే అప్పగించండి. తను గీసిందైతే రోజూ చూస్తుంది.

ఆ డైరీ తీసే అలవాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే. "రేపు చార్ట్ తీసుకెళ్లాలి" అన్న మాట రాత్రి పదింటికి బదులు సాయంత్రమే బయటపడుతుంది. సంతకాలు కూడా అప్పుడే అయిపోతాయి. పడుకునేలోపు యూనిఫాం, సాక్సులతో సహా కుర్చీ మీద, బ్యాగ్ వీధి తలుపు పక్కన. ఇంత చేశాక పొద్దున మిగిలేది లేవడం, తయారవడం, తినడం.

అయితే స్కూలు నుంచి వచ్చీ రాగానే "ఈరోజు ఏం చెప్పారు, మార్కులు ఇచ్చారా" అని మొదలుపెట్టకండి. అలసట, ఆకలి రెండూ ఉంటాయి. తిన్నాక వాళ్లే చెబుతారు. చెప్పకపోతే పడుకునే ముందు చెబుతారు.

పెద్దవాళ్ల వాటా కూడా తేల్చుకోండి. "నువ్వు చూస్తావనుకున్నా" అన్న మాటతో మొదలయ్యే పొద్దుటి గొడవలు ఏ ఇంట్లో లేవు! మా దగ్గర పొద్దున డ్యూటీ మావారిది, సాయంత్రం నాది. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు నేను మధ్యలో దూరి సలహాలివ్వను (ఇది నాకు చాలా కష్టం). ఫోన్లు పడుకునే గంట ముందు హాల్లో చార్జింగుకు వెళ్తాయి, మావి కూడా. పదమూడేళ్లవాడు మన ఫోన్ ఎక్కడుందో చూశాకే తనది ఇస్తాడు.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది అంటారా, 21 రోజుల మాట నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అందులో ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, అలవాటుని బట్టి 18 నుంచి 254 దాకా. అది పెద్దవాళ్ల మీద చేసిందే అయినా, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా తేడా రాలేదన్న సంగతి మనకు ఊరట. ఒక రాత్రి చెడితే మర్నాడు మామూలు టైంకే లేపండి, అంతే.

మీకున్న రెండు వారాల్లో అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి వారం లేపడం, వెలుతురు మాత్రమే. రెండో వారం బ్యాగు, డైరీ వరసని ఉత్తుత్తిగా ఆడించండి. పాపకు అది ఆటే. బాబుకు ఆట అంటే చిరాకు పడతాడు, అలారం గడియారం వాడి చేతికే ఇచ్చి, మొదటి పిలుపు అలారానిది, రెండోది మాత్రమే మీది అని ముందే ఒప్పందం చేసుకోండి.