టెక్ సందేహాలు: ఇంట్లో చేసిన గాస్‌మీటర్ అంకెల్ని నమ్మొచ్చా?

ప్రశ్న: అయస్కాంత క్షేత్రాన్ని వోల్టేజిగా మార్చే ఎస్‌ఎస్49ఇ హాల్ సెన్సర్‌ని ఆర్డ్యునో యూనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)కి కలిపి గాస్‌మీటర్ (అయస్కాంత క్షేత్ర బలం కొలిచే పరికరం) చేశాను. అయస్కాంతం దగ్గర్లో లేకపోయినా 20 గాస్ (ఆ బలానికి కొలత) చూపిస్తోంది. అంకె మారినప్పుడల్లా 3, 4 గాస్ చొప్పున గెంతుతోంది. ఎలా సరిచేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: ఆ గెంతులు యూనోవి. దాని 10 బిట్ ఏడీసీలో (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. మీ సెన్సర్ గాస్‌కి ఇచ్చేది సుమారు 1.4 మిల్లీవోల్టులే. మూడున్నర గాస్ మారితే గానీ అంకె కదలదు. 16 బిట్ ఏడీఎస్1115 మాడ్యూల్ వాడండి. విశాఖ డాబాగార్డెన్స్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ సెన్సర్ సున్నా (క్షేత్రం లేనప్పుడు ఇచ్చే వోల్టేజి) సరఫరా వోల్టేజిలో సగం దగ్గర ఉంటుంది. యూఎస్‌బీ 5 వోల్టుల నుంచి 4.8కి పడితే సున్నా 100 మిల్లీవోల్టులు జారుతుంది, అంటే 70 గాస్ తప్పు! యూనో కూడా అదే సరఫరాతో పోల్చుకుంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఏడీఎస్1115 మాత్రం సరఫరాతో కాక సొంత రిఫరెన్స్ (పోలిక వోల్టేజి)తో కొలుస్తుంది, కాబట్టి ఈ జారుడు బయటపడుతుంది. అందుకే 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు వరుసగా పెట్టి, వాటి నడిమి బిందువుని ఏడీఎస్1115లోని ఏ1కి, సెన్సర్ అవుట్‌పుట్‌ని ఏ0కి ఇచ్చి, రెండింటి తేడాని చదవండి. దాని గెయిన్ (కొలత పరిధి సెట్టింగ్) 2 పెడితే మెట్టు 0.0625 మిల్లీవోల్టులు. సెన్సర్ కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. సెకనుకి 128 శాంపిళ్ల వేగంలో 64 తీసి సగటు కట్టండి. కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద చాలావరకు పోతుంది.

మీ 20 గాస్ సెన్సర్ పుట్టుకతో వచ్చిన తేడా. అయస్కాంతాలు, ఇనుప బీరువా దూరంగా ఉన్నప్పుడు వచ్చిన అంకెని ప్రోగ్రామ్‌లో తీసేయండి.

1.4 అన్నదీ ముక్కకీ ముక్కకీ మారుతుంది, కాబట్టి కాలిబ్రేషన్ (తెలిసిన క్షేత్రంతో సరిచూసుకోవడం) తప్పదు. మోటార్ వైండింగ్ షాపులో 26 గేజ్ ఎనామిల్ రాగి తీగ 25 గ్రాములు తూయించుకోండి. 20 మిల్లీమీటర్ల వైరింగ్ పైపు మీద 10 సెంటీమీటర్ల పొడవున 200 చుట్లు, ఒకే వరుసలో, పక్కపక్కనే చుట్టాలి. 1 యాంపియర్ పారిస్తే నడిమధ్యన 24.6 గాస్ వస్తుంది. 2 యాంపియర్ల 5 వోల్టుల చార్జరుకి ఈ కాయిల్‌ని, 3.3 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ని వరుసలో కలిపితే దాదాపు అంతే కరెంటు. కచ్చితమైన విలువ మల్టీమీటర్‌లో చూసి ఆ యాంపియర్లతో 24.6ని గుణించండి. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, ముట్టుకోకండి. సెన్సర్‌ని కాయిల్ నడిమధ్యన ఉంచాలి, దాని ముఖం పైపు మూతి వైపు తిరిగి ఉండాలి. పక్కకి తిరిగితే రీడింగ్ దాదాపు సున్నా.

ఒకసారి చదివి, కాయిల్ తీగలు తారుమారు చేసి మళ్లీ చదవండి. రెండు రీడింగుల తేడాని (మిల్లీవోల్టుల్లో) 49.2తో భాగిస్తే, 1 యాంపియర్ దగ్గర, మీ సెన్సర్ అసలు మిల్లీవోల్ట్–గాస్ నిష్పత్తి తేలుతుంది. భూమి క్షేత్రం, సున్నా తేడా రెండూ ఇందులో కొట్టుకుపోతాయి.

నియోడైమియం అయస్కాంతం ఆనిస్తే సుమారు 1000 గాస్ దగ్గర రీడింగ్ బిగుసుకుపోతుంది. సెన్సర్ చెడదు, మధ్యలో చెక్కముక్క పెట్టి దూరం రాసుకోండి. విశాఖలో భూమి క్షేత్రం దాదాపు 0.4 గాస్, దానికి ఈ సెన్సర్ చాలదు, ఫోన్‌లోని మాగ్నెటోమీటరే నయం. ఆ ఫోన్ దగ్గరికి మాత్రం అయస్కాంతం తేకండి.